సుందర్ రావు విన్న శబ్దాలు

సుందర్ రావుకు శబ్దాలు వినపడేవి.

దయ్యాలవీ కావు, దేవదూతలవీ కావు. కారువి. తన ఎర్ర స్పోర్ట్స్ కారులో కూర్చుని హనుమకొండ దాటిన గంటలోపు ఆయనకు ఎక్కడో ఏదో మోగుతున్నట్టు తోచేది. తోచిన మరుక్షణం బ్రేకు మీద కాలు పడేది. పక్క సీట్లో ఉన్న మనిషికి ఏమీ వినపడదు. వెనక కార్లో వచ్చేవాళ్లకు వినపడదు. దారిన పోయే మేకలు సైతం చెవి కదపవు. ఆయనకు మాత్రం వినపడేది.

“శబ్దం వస్తాంది,” అనేవాడు చూపుడు వేలు పైకెత్తి.

“ఏం శబ్దం?” అనేవాడు పక్క సీట్లోని రాజమల్లు పళ్లు నూరుతూ.

“పిల్లి తుమ్మినట్టు.”

ప్రతిసారీ పిల్లే తుమ్మితే రాజమల్లు సహించి ఉండేవాడేమో. కానీ ఒకసారి కొత్త చెప్పులేసుకున్న పెళ్లికొడుకు నడిచినట్టు కిర్రుకిర్రుమనేది. ఒకసారి సన్నాయి ఊదేవాడికి దగ్గొచ్చినట్టు ఉండేది. పాలకుర్తి పోయినప్పుడైతే, అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా గిన్నెలు కడుగుతున్నట్టు ఉందన్నాడు.

“గిన్నెల శబ్దం నాకెందుకు వినపడ్తలేదు మాస్టర్?”

“నీకు కార్ల మీద ధ్యాస లేదు గార్డు సాబ్. నీ ధ్యాసంత గడియారం మీదనే.”

ఆ తర్వాత జరిగేది ఎప్పుడూ ఒకటే. సుందర్ రావు దిగి బానెట్ ఎత్తేవాడు. జేబులోంచి గళ్ల గుడ్డ తీసి ఇంజనులో ఒక్కో భాగాన్నీ, స్నానం చేయించిన పసివాణ్ని తుడిచినట్టు, నెమ్మదిగా తుడిచేవాడు. స్పానరుతో అక్కడా ఇక్కడా రెండు దెబ్బలు కొట్టేవాడు. “పది నిమిషాలు పడ్తది. అట్ల నాలుగడుగులు వేసి రా పో,” అనేవాడు. రాజమల్లు తిట్టుకుంటూ నోటుబుక్కు తీసి, ఆగిన టైము రాసుకుని, ఎలాగూ ఆగాం కదా అని చెట్ల వైపు నడిచేవాడు. తిరిగి వచ్చేసరికి శబ్దం పోయేది. దేనివల్ల వచ్చిందో, దేనివల్ల పోయిందో సుందర్ రావు ఎన్నడూ చెప్పిన పాపాన పోలేదు.

రాజమల్లు కాజీపేటలో ముప్పై నాలుగేళ్లు గూడ్సు బండ్ల గార్డుగా చేసి రిటైరైన మనిషి. నిమిషం ఆలస్యమైతే ఆ నిమిషం ఎక్కడ పోయిందో కాయితం మీద చూపించాల్సిన ఉద్యోగం అది. ఉద్యోగం పోయినా జబ్బు పోలేదు. ఇంట్లో పప్పు ఉడకడం ఆలస్యమైతే కారణం అడిగేవాడు. అలాంటి మనిషికి దేవుడు ఏరికోరి సుందర్ రావు పక్క సీటు ఇచ్చాడు.

సుందర్ రావు బట్టల మిల్లులో మగ్గాల షెడ్డుకు మాస్టరుగా చేశాడు. అందుకే అందరూ ఆయన్ను మాస్టర్ అనేవాళ్లు. ఎప్పటిదో ఒక జాగీర్దారు కొట్టంలో కోళ్లు పొదుగుతున్న రెండు సీట్ల విలాయతి కారును ఇంటికి తోలుకొచ్చి, పదకొండేళ్లు ఆదివారం ఆరాధన అయిపోగానే దాని కింద దూరి, చివరికి నడిచేలా చేశాడు. పైకప్పు గుడ్డ మాత్రం చీకిపోయింది. దాన్ని తిరిగి కుట్టించలేదు. “స్పోర్ట్స్ కారుకు ఆకాశమే కప్పు,” అనేవాడు.

డెబ్బై ఎనిమిదిలో వరంగల్ పాత స్పోర్ట్స్ కార్ల క్లబ్బు పుట్టింది. క్లబ్బు అంటే మూడు కార్లు. సుందర్ రావు ఎర్ర కారు ఒకటి. డాక్టర్ నిర్మలకు తండ్రి వదిలిపోయిన నీలి కారు ఒకటి. కేసముద్రం మార్కెట్లో పత్తి వ్యాపారం చేసే ఉప్పలయ్య ఆకుపచ్చ కారు ఒకటి. కారు లేకుండా క్లబ్బులో ఉన్నవాడు రాజమల్లు ఒక్కడే. టైంటేబుల్ తయారుచేయగలవాడు ఇంకొకడు లేనందువల్ల ఆయన్ను సెక్రటరీని చేశారు. ఏడాదికి మూడు నాలుగు ట్రిప్పులు. రిటైరైన తర్వాత ఇంటి అరుగు మీద కూర్చుని రైళ్ల కూతలు వింటూ పొద్దుపుచ్చే రాజమల్లుకు ఆ ట్రిప్పులే పండుగలు. ముందు రోజే బూట్లకు పాలిష్ పెట్టుకునేవాడు.

పండుగను ప్రతిసారీ శబ్దాలు పాడుచేసేవి.

ఎనభై మూడు వేసవిలో శబ్దాలవల్ల రెండు చోట్ల ఆగి, భోజనాల చోటుకు చేరేసరికి బగారన్నం చల్లారి రాయి అయింది. ఉప్పలయ్యకు ఆకలి మీద కోపం, కోపం మీద ఆకలి. పైగా అక్టోబర్ ట్రిప్పుకు హైదరాబాద్ కార్ల క్లబ్బువాళ్లు వస్తామన్నారు. రెండో శనివారం పొద్దున పదకొండు గంటలకు పాలంపేటలో రామప్ప గుడి దగ్గర కలుసుకుని, వీళ్ల కార్లు నచ్చితే చలికాలంలో తమ పాత కార్ల ఊరేగింపులో నడవనిస్తామన్నారు. అది ఉప్పలయ్య ఐదేళ్ల కోరిక.

నిర్మల గారి వరండాలో సమావేశం పెట్టారు.

“మాస్టర్ సాబ్, ఏమనుకోకు,” అన్నాడు ఉప్పలయ్య. “హైదరాబాదోళ్లు మనకోసం ఎండల నిలబడితే ఇజ్జత్ పోతది. ఈసారి నువ్వు శబ్దమని ఒక్కసారి ఆపినా నీ కారు క్లబ్బుల ఉండదు. తీర్మానం రాయి గార్డు సాబ్!”

రాజమల్లు రాశాడు. ఇంతకాలం దాచుకున్న కసినంతా పెట్టి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. సుందర్ రావు ఆ కాయితాన్ని దూరంగా పట్టుకుని మొత్తం చదివాడు.

“గార్డు సాబ్ చేతిరాత ముత్యాల లెక్కుంటది,” అని మెచ్చుకుని సంతకం పెట్టాడు.

అక్టోబర్ రెండో శనివారం తెల్లవారేసరికి ఆకాశం గోనెసంచి రంగులో ఉంది. సముద్రంలో తుఫాను పుట్టిందని రేడియో చెప్పింది. “సముద్రమెక్కడ, మనమెక్కడ!” అన్నాడు ఉప్పలయ్య. ఎనిమిదికి బయలుదేరాలని టైంటేబుల్. చలిగాలికి సుందర్ రావు భార్య మార్తమ్మ అందరికీ రెండేసి గ్లాసుల టీ పోసింది. రాజమల్లుకు చక్కెర లేకుండా పోసి ఇచ్చింది. ఆయన ఏదో ధ్యాసలో తాగేశాడు.

అన్నం గిన్నెలతో సహా మార్తమ్మ నిర్మల గారి కారెక్కింది. నీలి కారు ముందు పోయింది. దాని వెనక ఎర్ర కారు. అన్నిటికన్నా వెనక, సుందర్ రావు మీద కన్నేసి ఉంచడానికని, ఉప్పలయ్యా ఆయన భార్య చిలుకమ్మా ఆకుపచ్చ కారులో. రాజమల్లు రైల్వే కోటు తొడుక్కుని, ఒడిలో నోటుబుక్కు పెట్టుకుని, “ఎనిమిది సున్నా సున్నా. పోనీ,” అన్నాడు.

సుందర్ రావు తల పూర్తిగా ఇటు తిప్పి ఆయన మొహం చూశాడు. అది ఇంకో దరిద్రపు అలవాటు. ఏం మాట్లాడినా స్టీరింగు వదిలేసినంత పని చేసి మొహంలో మొహం పెట్టి చూస్తాడు.

“రోడ్డు చూడు మాస్టర్! నా మొకం మీద ఏం మైలురాళ్లు లెవ్వు!”

ఆత్మకూరు దాటేదాకా చినుకులే. తర్వాత వాన దిగింది. చీపురుపుల్లల్లా కాదు, చేపల వలలా, నలువైపుల నుంచీ. రాజమల్లు గొడుగు తెరిచాడు. కప్పు లేని కారులో గంటకు ముప్పై మైళ్ల వేగంలో గొడుగు తెరవడమంటే ఏమిటో ఆయనకు అప్పటిదాకా తెలియదు. గొడుగు తలకిందులై, చేతిలోంచి లేచి, వెనక వస్తున్న ఉప్పలయ్య కారు అద్దానికి గబ్బిలంలా అతుక్కుంది.

“గొడుగుకోసం ఆపమంటవా?” అన్నాడు సుందర్ రావు.

“ఆపితే క్లబ్బుల ఉండవు! పోనీ!”

పోనిచ్చాడు. గంట దాటింది. రాజమల్లు కోటులోంచి, చొక్కాలోంచి, బనీనులోంచి చల్లని నీళ్లు దిగుతున్నాయి. కడుపులో రెండు గ్లాసుల టీ ఉంది. ఇక్కడ రాజమల్లు గుట్టు ఒకటి చెప్పాలి. ఆయనకు ఏడేళ్లుగా షుగర్. ఆ సంగతి దూరపు వీధిలోని ఒక మందుల షాపువాడికి తప్ప ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. గంట దాటితే ఆయన కూర్చోలేడు. కూర్చోలేనని నోటితో చెప్పడం మాత్రం ఆయన ఒంట్లో లేదు. ముప్పై నాలుగేళ్లు పచ్చజెండా ఊపితే తప్ప రైలు కదలని మనిషి, ‘నేను పోయొస్తా, కారు ఆపు’ అని అడుగుతాడా?

పైగా తీర్మానం రాసింది తనే. గుండ్రటి అక్షరాలతో.

జీవితంలో మొదటిసారి రాజమల్లు శబ్దం కోసం చెవులు రిక్కించాడు. పిల్లి తుమ్మలేదు. గిన్నెలు మోగలేదు. కారు వెన్నపూసలా పోతోంది. ఎంత దుర్మార్గపు కారు! అక్కర్లేనప్పుడు అన్ని కూతలూ కూసి, ఇవాళ బుద్ధిమంతురాలైంది. ఆయన మోకాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. రోడ్డు పక్క తూముల్లోంచి నీళ్లు గలగలా పారుతుంటే కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నా ఆ గలగల వినపడుతూనే ఉంది.

సుందర్ రావు ఒకసారి ఇటు చూశాడు. అద్దంలో వెనక ఉప్పలయ్య కారును చూశాడు. ఇంకో కిలోమీటరు పోనిచ్చాడు. అక్కడ రోడ్డుకు ఎడమ పక్క టేకుచెట్ల గుంపు ఒకటి కనపడింది. బ్రేకు వేశాడు.

“వచ్చింది,” అన్నాడు.

“ఏమొచ్చింది?”

“శబ్దం. గుడ్లగూబకు జలుబు చేసినట్టు.”

రాజమల్లుకు ఒకే క్షణంలో ప్రాణం లేచొచ్చింది, కోపమూ వచ్చింది. “మాస్టర్! తీర్మానం ఏమైంది? నీ సంతకం ఏమైంది?”

“తీర్మానం పారిపోదు. శబ్దం సంగతి ముందు చూడాలె. నువ్వు అట్ల నాలుగడుగులు వేసి రా.”

రాజమల్లు నాలుగడుగులు కాదు, నలభై అడుగులు పరుగెత్తాడు. వానలో ఆకుపచ్చ కారు వాళ్లను దాటిపోతూ, కిటికీలోంచి ఉప్పలయ్య గొంతు అరిచింది. “చూసిన! చూసిన మాస్టర్ సాబ్! అయిపోయింది నీ పని!”

తిరిగి వస్తూ రాజమల్లు వింత ఒకటి గమనించాడు. సుందర్ రావు బానెట్ ఎత్తాడు కానీ ఇంజను వంక చూడటం లేదు. చెట్ల వైపుకు వీపు తిప్పి, చేతులు కట్టుకుని, వానకు తడుస్తూ ఎదురుగా ఉన్న ఖాళీ చేను వంక చూస్తున్నాడు. వాన తిన్నగా ఇంజనులో పడుతోంది.

“ఏం చేస్తానవ్ మాస్టర్? నీళ్లు పోతానయి లోపలికి!”

రాజమల్లు ముందుకొచ్చి చెయ్యి చూపిస్తే, “అరే,” అన్నాడు సుందర్ రావు. అప్పుడు చూశాడు.

ఇక కారు స్టార్ట్ కాలేదు. రాజమల్లు వెనక నుంచి అరకిలోమీటరు నెట్టాడు. నెడుతూ ఒక్కో అడుగుకూ ఒక్కో తిట్టు తిట్టాడు. చివరికి ఇంజను దగ్గి, తుమ్మి, అంటుకుంది. ములుగు దాటగానే చెరువంత గుంత ఒకటి వచ్చింది. కారు ధడాలున దిగి లేచింది. లేచాక మొదలైంది అసలు మోత. సైలెన్సర్ గొట్టం ఊడి, వెనకాల రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. రేకుల కప్పు మీద రోడ్డు రోలరు పరుగెత్తినట్టుంది. ఇంజను సింహంలా గాండ్రిస్తోంది. పొలాల్లో కొంగలు లేచిపోయాయి. బర్రెల మంద ఒకటి తోకలెత్తి ఊళ్లోకి పరుగెత్తింది. గుడిసెల్లోంచి జనం బయటికొచ్చి ఆకాశం వంక చూశారు.

సుందర్ రావు ఏదో కీర్తన కూనిరాగం తీస్తూ హాయిగా తోలుతున్నాడు.

“మాస్టర్!” అని అరిచాడు రాజమల్లు. “శబ్దం!”

జవాబు లేదు.

భుజం పట్టి ఊపాడు. సుందర్ రావు తల తిప్పి ఆయన పెదాల వంక చూశాడు. “శబ్దం! శబ్దం వస్తాంది!”

“శబ్దమా?” సుందర్ రావు తడబడ్డాడు. “ఆఁ, అవును. నేను ఇందాకనే విన్న.”

“ఎక్కడ్నుంచి?”

సుందర్ రావు క్షణం ఆలోచించి ముందువైపు చూపించాడు. “ఇంజన్ల.”

రాజమల్లు చెయ్యి అడ్డం ఊపి కారు ఆపించాడు. అటుగా వచ్చిన ఒక రైతు కంచె తీగ ముక్క ఇస్తే ఇద్దరూ రోడ్డు మీద పడుకుని గొట్టాన్ని కట్టారు. ఆ పని జరుగుతున్నంతసేపూ రాజమల్లు ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆయన ఆలోచిస్తున్నాడు. ఆలోచిస్తూ ఒకసారి సుందర్ రావు ఎడమ చెవి పక్కన చిటికె వేశాడు. సుందర్ రావు తీగ మెలిపెడుతూనే ఉన్నాడు.

ఇంకో ఆరేడు కిలోమీటర్లు పోయేసరికి వాగు అడ్డం వచ్చింది. కల్వర్టు మీంచి మోకాలు లోతున ఎర్రనీళ్లు దూకుతున్నాయి. ఇవతలి ఒడ్డున నీలి కారూ ఆకుపచ్చ కారూ తడిసిన కోళ్లలా ఆగి ఉన్నాయి. పక్కనే ఊరి బడి. రెండో శనివారం సెలవు కాబట్టి తాళం వేసి ఉంది. అందరూ వరండాలో చేరారు. పదకొండు దాటింది. పాలంపేటలో హైదరాబాద్ వాళ్లు ఎదురుచూస్తూ ఉంటారని ఉప్పలయ్య గోడకు తల కొట్టుకునేంత పని చేస్తున్నాడు.

మార్తమ్మ గిన్నెలు విప్పింది. బగారన్నం, కోడికూర అందరికీ పెట్టి, రాజమల్లుకు గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు ఇచ్చింది. ప్రతి ట్రిప్పుకూ ఆమె జొన్నరొట్టెలు తెస్తుంది. ‘మా ఆయనకు ఇష్టమని చేసిన, మిగిలినయి, నువ్వు తిను అన్నా’ అంటుంది. సుందర్ రావు వాటిని ముట్టుకోగా రాజమల్లు ఎన్నడూ చూడలేదు. ఆ సంగతి ఆయనకు ఇవాళే తట్టింది.

“చెల్లె, ఒక్క మాట,” అన్నాడు మెల్లగా. “మాస్టర్‌కు చెవులు మంచిగ వినపడ్తయా?”

“ఏం వినపడుడు అన్నా! మగ్గాల షెడ్డుల ముప్పై ఏండ్లు. ఎడమ చెవి ఎప్పుడో పాయె. కుడిది సగం. పొయ్యి మీద పాలు పొంగి సుయ్యిమన్నా తెల్వది. షెడ్డుల అందరు పెదవులు చూసే మాట్లాడుకునేటోళ్లు. ఇప్పటికీ గంతే. మొకం చూస్తే గాని మాట తెల్వది.”

“మరి కారు శబ్దాలు?”

మార్తమ్మ గరిటె గిన్నెలో తిప్పుతూ నవ్వాపుకుంది. “నాకేం తెలుసన్నా. కార్ల సంగతి ఆయన్నే అడుగు.”

రాజమల్లు చేతిలో రొట్టె అలాగే ఉండిపోయింది. మొదటి ట్రిప్పు గుర్తొచ్చింది. అప్పుడు శబ్దాల్లేవు. దారి పొడుగునా పళ్ల బిగువున కూర్చుని, దిగగానే ఎవరితోనూ మాట్లాడకుండా పరుగెత్తాడు. ఆ అవమానంతో, మోకాళ్ల నొప్పులని చెప్పి రెండో ట్రిప్పు మానేశాడు. మూడో ట్రిప్పు ముందు సుందర్ రావు కాజీపేట దాకా సైకిలు మీద వచ్చాడు. “కారుకు ఏదో శబ్దం వస్తాంది గార్డు సాబ్. మాటిమాటికి ఆపాలె. ఒక్కన్నే పోవాలంటే భయమైతాంది. జర తోడు రా,” అన్నాడు. ఇంకో సంగతి కూడా గుర్తొచ్చింది. బజార్లో, ఊళ్ల మధ్యలో ఒక్కసారీ శబ్దం రాలేదు. ఎప్పుడూ చెట్లున్న చోటే వచ్చింది. ఆ మాట మోసానికి రుజువని నోటుబుక్కులో స్వయంగా రాసుకున్నాడు. దేనికి రుజువో ఇప్పుడు అర్థమైంది.

అన్నాలయ్యాయి. ఉప్పలయ్య చెయ్యి కడుక్కుని జేబులోంచి తీర్మానం తీశాడు. సగం తడిసింది కానీ అక్షరాలు చెక్కుచెదరలేదు.

“నాకు మాస్టర్ సాబ్ మీద ఏం పగ లేదు. కాని మాటంటే మాట. ఇయ్యాల శబ్దమని కారు ఆపిండు, నా కండ్లతో చూసిన. సెక్రటరీగ నువ్వు చెప్పు గార్డు సాబ్. ఆపిండా లేదా?”

సుందర్ రావు వరండా కొసన అరుగు మీద కూర్చుని, ఇటు ఎడమ చెవి పెట్టి, వాగు వంక చూస్తున్నాడు.

రాజమల్లు లేచాడు. కోటు గుండీలు పెట్టుకున్నాడు. గూడ్సు బండి పట్టాలు తప్పిన రోజు పెద్ద దొరల ముందు నిలబడ్డట్టే నిటారుగా నిలబడ్డాడు.

“ఆపిండు,” అన్నాడు. “శబ్దం వచ్చింది నిజమే. కాని అది కారుది కాదు.”

“మరెవరిది?”

“నాది.”

ఆగకుండా మిగతాదీ చెప్పేశాడు.

“నాకు ఏడేండ్ల సంది షుగర్ ఉన్నది. గంట దాటితే కూచోలేను. అడగనీకి నాకు సిగ్గు. మాస్టర్‌కు ఎడమ చెవి అసలే వినపడది. ఆయనకు పిల్లి తుమ్మింది వినపడ్డది లేదు, గిన్నెలు మోగింది లేదు. నా కోసమే ఆపిండు, ఇన్నేండ్లు. నేను తిడుతుంటే తిట్లు పడ్డడు. ఇయ్యాల క్లబ్బు పోతదని తెలిసి కూడ ఆపిండు. తీసేస్తే నన్ను తీసెయ్యిన్రి.”

చెప్పేశాక ఆయనకు, బరువు దించుకున్న బండికున్నంత తేలిగ్గా అనిపించింది. నిర్మల గారు “ఏడేళ్లు! నేను డాక్టర్ని పక్కన ఉండగా! సోమవారం పొద్దున వచ్చి కనపడండి,” అని కసిరింది. ఉప్పలయ్య కాయితం వంక చూస్తూ నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. కోపమో ఏమో తెలియలేదు.

తెలియజేసింది చిలుకమ్మ. “ఏమయ్యా, నువ్వు చెప్తవా నన్ను చెప్పమంటవా?” అంది మొగుడితో. “ఆ ఎర్ర కారు ఎప్పుడు ఆగుతదా అని అద్దంలకెళ్లి చూసుకుంట కూచునేది ఈయనే గార్డన్నా! ఇయ్యాల ఆగకుంట దాటొచ్చిండు గద, బడి కాడికి వచ్చేదాక సీట్ల పాము లెక్క మెలికలు తిరిగిండు!”

నిర్మల గారు మొదట నవ్వింది. తర్వాత మార్తమ్మ. తర్వాత రాజమల్లు. చివరికి ఉప్పలయ్య కూడా పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. “నాకు సుత యాభై ఎనిమిదేండ్లు గార్డు సాబ్,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “నీ ఒక్కనికేనా?” కాయితం వెనక్కి తిప్పి రాజమల్లుకు ఇచ్చాడు. “రాయి. ఇయ్యాల్టి సంది గంటకోపారి ఏదో ఒక కారుకు శబ్దం రావాలె. రాకపోతే ఆ కారు క్లబ్బుల ఉండది.”

అప్పుడు సుందర్ రావు ఇటు తిరిగాడు. అందరూ నవ్వడం చూసి ఏమీ అర్థం కాక, “ఏమైంది? నన్ను తీసేసిన్రా?” అని అడిగాడు.

రాజమల్లు పోయి ఆయన కుడి పక్కన కూర్చున్నాడు.

“మాస్టర్, నువ్వు చెవులు వినపడనోనివి గద. నాకు అవసరమైతాందని ఎట్ల తెలుస్తది నీకు?”

సుందర్ రావు దొరికిపోయిన పిల్లవాడిలా నేల చూశాడు. “మగ్గం మీద దారం తెగితే చెవులకు తెలుస్తదా? కండ్లతోనే చూడాలె. నీ కుడి మోకాలు ఊగుడు మొదలైతే ఇంక పది నిమిషాలు టైమున్నట్టు. ఎడమ మోకాలు సుత ఊగిందంటే చెట్లు ఎక్కడున్నయో చూసుకోవాలె.”

“నాకు ఒక్క మాట చెప్తే అయిపోవు గద! ఇన్ని అబద్ధాలెందుకు?”

“చెప్తే నువ్వు మళ్ల నా కారెక్కుతవా?”

రాజమల్లు తన మోకాళ్ల వంక చూసుకున్నాడు. ఎక్కేవాడు కాదు. అది ఇద్దరికీ తెలుసు.

మూడింటికి వాన వెలిసింది. నాలుగింటికి వాగు తగ్గింది. మూడు కార్లూ ఒకదాని వెనక ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ దాటి పాలంపేట చేరేసరికి ఐదు. హైదరాబాద్ వాళ్లు లేరు. జనగామ దగ్గర నాలుగు చినుకులు పడగానే కార్లు తడుస్తాయని వెనక్కి మళ్లారని తర్వాత ఉత్తరం వచ్చింది. “గిసుంటోళ్ల ఊరేగింపుల మన కార్లెందుకు?” అన్నాడు ఉప్పలయ్య ఆ ఉత్తరం చదివి. కానీ ఆ సాయంత్రానికి అదేమీ తెలియదు. చెరువు నిండి, కట్ట కొసన మత్తడి మీంచి నీళ్లు దూకుతున్నాయి. కడిగిన గుడి మీద పడిన ఎండకు రాళ్లన్నీ గులాబీ రంగు తేలాయి. నీళ్లు నిలిచిన మళ్లన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఆరుగురూ మత్తడి పక్కన నిలబడి, ఎందుకొచ్చారో మరిచిపోయి, చాలాసేపు చూశారు.

తిరుగు ప్రయాణంలో పాలంపేట దాటి కొంత దూరం వచ్చాక రాజమల్లు గొంతెత్తి, మొదటిసారి, నిస్సంకోచంగా అరిచాడు.

“మాస్టర్, ఆపు! నేను పోయిరావాలె!”

సుందర్ రావు కీర్తన కూనిరాగం తీస్తూ పోతూనే ఉన్నాడు. రాజమల్లు ఇంకోసారి అరిచాడు. ఈసారి పొలంలో ఉన్న ఆడవాళ్లు కూడా తలెత్తి చూశారు. ఆఖరికి సుందర్ రావు మొహం ముందు చెయ్యి ఊపి, రెండు మోకాళ్లనూ బాగా కనపడేటట్టు పైకెత్తి, జోరుగా ఊపి చూపించాడు.

కారు ఆగింది. వెనక ఆకుపచ్చ కారూ ఆగింది. తలుపు తీసుకుని ఉప్పలయ్య, “మా కారుకు సుత శబ్దం వస్తాంది గార్డు సాబ్! నేనూ వస్తాన!” అంటూ దిగాడు.

సుందర్ రావు అలవాటు కొద్దీ గళ్ల గుడ్డ తీసి బానెట్ ఎత్తబోయాడు.

“దాన్నెందుకు సతాయిస్తవ్?” అన్నాడు రాజమల్లు, తన పెదవులు ఆయనకు కనపడేటట్టు ఇటు తిరిగి. “మంచిగున్నది పాపం. కూచో. వస్తా.”

అని, పొద్దు ఇంకా చాలా ఉన్నవాడిలా, తీరిగ్గా చెట్ల వైపు నడిచాడు.